ఎస్టేట్ సేల్‌లో ఒక చెక్కపెట్టె దొరికింది, పిడి తిప్పితే షాక్ కొడుతోంది, ఇదేంటో ఎవరికైనా తెలుసా?

మిన్నెసోటా_మావయ్య:
అందరికీ నమస్తే. మేముండేది మినియాపోలిస్ పక్కన. ఇక్కడ ఎస్టేట్ సేల్ అని ఒకటుంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక పిల్లలు సామానంతటికీ రేట్లు అంటించి తలుపులు బార్లా తీసి పెట్టేస్తారు, వెళ్ళి నచ్చింది తెచ్చుకోవడమే. మొన్న శనివారం మా ఆవిడ పింగాణీ ప్లేట్ల కోసం బయల్దేరితే తోడెళ్ళా. ప్లేట్లు దొరకలేదు గానీ కింద బేస్‌మెంట్‌లో ఒక చెక్కపెట్టె కనపడింది, మన హార్మోనియం పెట్టెకి చిన్న తమ్ముడిలా ఉంది, పక్కన తిప్పడానికి ఒక పిడి. 60 డాలర్లన్నారు, ఇచ్చేశా (మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు).

మూత తీస్తే లోపల పెద్ద గుర్రపునాడా అయస్కాంతం, దాని ముందు తిరిగేలా రెండు కాయిళ్ళు, తీగలకి తగిలించిన రెండు ఇత్తడి గొట్టాలు. మూత లోపలి వైపు పాత కాగితం అంటించి ఉంది, నరాల జబ్బులకు మాగ్నెటో ఎలక్ట్రిక్ మెషిన్ అని పెద్దక్షరాల్లో, కింద ఎలా వాడాలో సన్నక్షరాల్లో. నేను రెండు గొట్టాలూ పట్టుకుని మా చిన్నాణ్ణి తిప్పరా అన్నా. వాడు మెల్లగా తిప్పినంతసేపు చీమలు పాకినట్టుంది, ఊపందుకున్నాక జివ్వుమని మోచేతుల దాకా లాగేసింది, గొట్టాలు వదుల్దామంటే వేళ్ళు రావట్లేదు!!

నా డౌట్లు: ఇది నిజంగా వైద్యమేనా లేక బొమ్మా? ఎంత పాతది? ఇంకోటి, అమ్మ తణుకు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, మోకాళ్ళ నొప్పులు, ఆవిడ మీద ప్రయత్నించొచ్చా?

గుంటూరు_ఘాటు:
అంటే 60 డాలర్లు పెట్టి షాక్ కొనుక్కున్నారన్నమాట. మా ఇంట్లో గీజర్ ఫ్రీగా కొడుతుంది సార్.

పాత_ఇత్తడి:
మావయ్యా ఫోటో చూశాను, లేబుల్ మీద డేవిస్ అండ్ కిడ్డర్ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. ఇది బొమ్మ కాదు, 1854 నాటి పేటెంట్. అమెరికాలో ఇళ్ళల్లో, డాక్టర్ల దగ్గరా కూడా ఉండేది, చాలా అమ్ముడుపోయింది కాబట్టే ఇన్నేళ్ళ తర్వాత కూడా బేస్‌మెంట్లలో దొరుకుతోంది. పెట్టె చివర ఒక చిన్న ఇత్తడి మర ఉందేమో చూడండి, దాంతో లోపల ఒక ఇనప కమ్మీ అయస్కాంతం దగ్గరికీ దూరానికీ జరుగుతుంది. షాక్ పెంచడం తగ్గించడం దాంతోనే, మీవాడు అదేమీ చూడకుండా గిరగిరా తిప్పేసినట్టున్నాడు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఆ ఇత్తడి గొట్టాల్ని తోమకండి. ఆ నల్లటి పొరే దాని వయసు, అది పోతే సగం విలువ పోయినట్టే.

రిటైర్డ్_ఏఈ:
అబ్బాయీ, 31 ఏళ్ళు సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి, ముందు జాగ్రత్త చెప్పి తర్వాత సంగతి చెప్తాను. చేతిలో ఒకటి, రెండో చేతిలో ఒకటి పట్టుకున్నావంటే కరెంటు ఛాతీ మీదుగా పోతుంది. చేత్తో తిప్పేది కాబట్టి ఎక్కువసేపు, ఎక్కువ కరెంటు రాదు, అయినా ఆటలు వద్దు. మీ అమ్మగారికి పేస్‌మేకర్ ఉన్నా, గుండె జబ్బున్నా దాని దరిదాపులకి కూడా పోనివ్వకు.

ఇక అది పనిచేసే పద్ధతంటావా, ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే. అయస్కాంతం ముందు తీగచుట్ట కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. ఆ మరుసటేడే పారిస్‌లో పిక్సీ అనే ఆయన చేత్తో తిప్పే జనరేటర్ చేశాడు. నీ పెట్టెలో ఉన్నది దాని పిల్లే, మన థర్మల్ స్టేషన్‌లో తిరిగేది దాని మునిమనవడు. అంటే ప్రపంచానికి దీపాలు వెలిగించక ముందే జనరేటర్ జనాల మోకాళ్ళ మీద ఉద్యోగానికి చేరిందన్నమాట. ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ పవర్ స్టేషన్ మొదలుపెట్టింది 1882లో, నీ పెట్టె పేటెంటు దానికి 28 ఏళ్ళ ముందుది.

హన్మకొండ_పోరడు:
అన్నా గిది చూస్తుంటే నాకు జాతర యాదికొచ్చింది. చిన్నగున్నప్పుడు ఒకాయన గిసొంటి డబ్బనే పెట్టుకుని కూసునేటోడు, రూపాయిస్తే రెండు పిడులు చేతికిచ్చి తిప్పుతుండె, ఎవ్వడు ఎక్కువసేపు పట్టుకుంటే వాడే మొగోడు. నరాలకు మంచిదని గూడ చెప్తుండె. నేను మూడు లెక్కపెట్టేలోపే ఇడిసిపెట్టిన 😂

పాత_ఇత్తడి:
@హన్మకొండ_పోరడు మీ జాతరలోనే కాదు, 1900ల మొదట్లో ఇంగ్లండ్, అమెరికాల్లో కూడా నాణెం వేస్తే షాక్ కొట్టే మెషిన్లు ఉండేవి. ఆడుకునేచోట పెట్టి ఆరోగ్యం అని రాసేవాళ్ళు. వైద్యం ఎక్కడాగి తమాషా ఎక్కడ మొదలైందో ఈ రంగంలో చెప్పడం మొదట్నుంచీ కష్టమే. లేడెన్ జాడీ అని తెలుసుగా, కరెంటుని నిలవ చేసుకునే గాజు సీసా, 1745-46లో వచ్చింది. అది వచ్చిన వెంటనే ఫ్రాన్స్‌లో నోలే అనే ఫాదరీ పదిహేనో లూయీ రాజుగారి ముందు 180 మంది సైనికుల్ని చేతులు పట్టించి నిలబెట్టి చివరివాళ్ళతో జాడీ ముట్టించాడు, అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు. రాజుగారికి భలే సరదా. ఆ సరదా ఇంకా తగ్గకముందే, ఇంతమంది ఒళ్ళు ఇంతలా కదిల్తే పక్షవాతమొచ్చిన చెయ్యి మాత్రం ఎందుకు కదలదూ అని ఆలోచన మొదలైంది. తప్పు ఆలోచన కూడా కాదు కదా.

లండన్_చలి:
ఆ ఆలోచన చేసినవాళ్ళలో జాన్ వెస్లీ ఒకడు, మెథడిస్ట్ క్రైస్తవుల గురువు. మాకు సిటీ రోడ్డులో ఆయన ఇల్లు మ్యూజియంగా ఉంది, ఒక ఆదివారం పనేం లేక వెళ్తే ఆయన వాడిన కరెంటు మెషిన్ అక్కడ పెట్టి ఉంది. చేత్తో తిప్పితే గాజు గొట్టం రుద్దుకుని స్పార్క్ వస్తుంది. 1750ల్లోనే లండన్‌లో పేదవాళ్ళకి ఉచితంగా షాకులిచ్చే కేంద్రాలు పెట్టాడు, 1760లో దాని మీద పుస్తకం కూడా రాశాడు, డాక్టర్ల ఫీజులు కట్టలేనివాళ్ళకి ఇది చవకైన మందని ఆయన వాదన. అదే ఊళ్ళో 20 ఏళ్ళ తర్వాత జేమ్స్ గ్రాహం అనే ఇంకొకాయన ఆరోగ్య మందిరం అని తెరిచి, పిల్లలు లేని డబ్బున్నవాళ్ళకి కరెంటూ అయస్కాంతాలూ బిగించిన దివ్యశయ్య రాత్రికి 50 పౌన్లకి అద్దెకిచ్చాడు. ఆ రోజుల్లో 50 పౌన్లంటే పనిమనిషికి కొన్నేళ్ళ జీతం. ఒకే కరెంటు, ఒకచోట ధర్మం, ఇంకోచోట దందా.

గుంటూరు_ఘాటు:
50 పౌన్ల మంచం 😂😂 మన దగ్గర అయస్కాంతం పరుపులు లక్షన్నరకి అంటగట్టి, ఇంకో నలుగుర్ని చేర్పిస్తే కమీషనన్న బ్యాచ్ గుర్తొచ్చింది. గ్రాహం గారు తెలుగువాడే అయ్యుంటాడు.

నల్లకుంట_నాని:
అన్నీ దందాలని కొట్టిపారేయకండి బ్రో. మా తాతయ్యకి నడుం నొప్పి, ఆ పరుపు మీదే ఆర్నెల్లు పడుకున్నాడు, తగ్గింది. మా కళ్ళముందే లేచి నడిచాడు. ఎలా తగ్గిందన్నది మీ సైన్సోళ్ళు తేల్చుకోండి, తగ్గిందా లేదా అన్నదే మాకు కావాలి.

గుంటూరు_ఘాటు:
నాని బ్రో కోప్పడకు. తాతయ్యకి తగ్గడం అబద్ధమనట్లేదు, పరుపు వల్ల తగ్గిందనడమే తేలాలి. ఈ గొడవ 1799లోనే ఒకాయన తేల్చాడు. పెర్కిన్స్ అని అమెరికా డాక్టరు, మూడంగుళాల లోహపు కడ్డీలు రెండు చేసి 1796లో పేటెంట్ తీసుకున్నాడు, నొప్పి ఉన్నచోట వాటితో గీస్తే ఒంట్లో పేరుకున్న చెడ్డ విద్యుత్తు బయటికొచ్చేస్తుందట. అట్లాంటిక్‌కి రెండు వైపులా ఎగబడి కొన్నారు. ఇంగ్లండ్‌లో బాత్ ఊళ్ళో జాన్ హేగార్త్ అనే డాక్టరు కర్రతో అచ్చం అలాంటివే చేయించి రంగేసి అయిదుగురు రోగుల మీద గీశాడు. నలుగురు హాయిగా ఉందన్నారు. మర్నాడు అసలు లోహపు కడ్డీలతో గీస్తే కూడా అంతే, ఎక్కువా లేదు తక్కువా లేదు. కర్రకి కరెంటెక్కడిది? పాపం ఆ పెర్కిన్స్ 1799లోనే న్యూయార్క్‌లో ఎల్లో ఫీవర్‌కి తన సొంత మందు పనిచేస్తుందని వెళ్ళి, అదే జ్వరంతో పోయాడు. అంటే మోసగాడు కూడా కాదు, తను అమ్మేదాన్ని తనే నమ్మాడు. నాకు భయమేసేది అలాంటివాళ్ళని చూస్తేనే.

నల్లకుంట_నాని:
ఆ అయిదుగురు సరే, అసలు కరెంటు సంగతి వేరు కదా. కర్ర షాక్ కొట్టదు, మావయ్య గారి పెట్టె కొడుతుంది.

ఫిజియో_అక్క:
నాని గారి మాటలో పాయింటుంది, అందుకే ఇన్నాళ్ళకి నోరు విప్పుతున్నా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నేను విశాఖలో ఫిజియోథెరపిస్టుని. మావయ్య గారూ, మీ పెట్టెలోంచి వచ్చే కరెంటుని మా పుస్తకాల్లో ఫారడిక్ కరెంట్ అంటారు, ఆ ఫారడే పేరు మీదే. చిన్న చిన్న దెబ్బలుగా, మిల్లీసెకను లోపు, సెకనుకి 50 నుంచి 100 దాకా వస్తుంది. బ్యాటరీ నుంచి ఒకే దిక్కులో నిలకడగా వచ్చేది గాల్వానిక్, కప్పకాలు ఎగిరించిన గాల్వానీ పేరు మీద, ఆయన పుస్తకం 1791. ఈ రెండు పేర్లూ నేను బీపీటీ రెండో ఏడాదిలో బట్టీపట్టి పరీక్ష రాశాను, ఇప్పటికీ పిల్లలు రాస్తున్నారు. అంటే మీ పెట్టె మ్యూజియంలోకెళ్ళింది గానీ దాంట్లో కరెంటు మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకా డ్యూటీలోనే ఉంది.

తేడా ఎక్కడంటే, నరం బతికి ఉంటే ఫారడిక్‌కి కండరం టక్కున లేస్తుంది. నరం చచ్చిపోతే ఎంత ఫారడిక్ పెట్టినా ఉలకదు పలకదు, గాల్వానిక్‌ని పొడుగు దెబ్బలుగా ఇస్తే మాత్రం పురుగు పాకినట్టు మెల్లగా కదుల్తుంది. అంటే అది మందు కాకపోయినా పరీక్ష అయింది. డబ్బా డాక్టర్లు జబ్బులన్నీ నయం చేస్తామని అరుస్తున్న రోజుల్లోనే పారిస్‌లో డ్యూషెన్ అనే డాక్టరు ఈ తేడా పట్టుకున్నాడు. తడి స్పాంజీలు పెట్టి, ఒళ్ళంతా కాకుండా ఒక్కో కండరాన్నే విడిగా లేపి చూశాడు, 1855లో పుస్తకం రాశాడు. పిల్లల్లో వచ్చే డ్యూషెన్ కండర క్షీణత ఆ పేరే. తర్వాత 1862లో ముఖం మీద కరెంటు పెట్టి తీసిన ఫోటోల పుస్తకం వేశాడు. అందులో ఒక పెద్దాయన ఉంటాడు, చెప్పులు కుట్టుకునే మనిషి, ముఖం మీద స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు, ఆయన బుగ్గలకి కరెంటు పెట్టి నవ్వించారు. నవ్వు నోటి దగ్గర వచ్చింది గానీ కళ్ళ దగ్గర రాలేదు. నిజం నవ్వైతేనే కంటి చుట్టూ కండరం కదుల్తుంది, అది మన ఇష్టానికి లొంగదని డ్యూషెన్ రాశాడు. పదేళ్ళకి డార్విన్ తన పుస్తకంలో ఆ ఫోటోలు వాడుకున్నాడు. ఆ ఫోటోలు చూస్తే మాత్రం నాకు ఎప్పుడూ ఆ పెద్దాయన మీదే జాలి, పేరు ఒకరిది ముఖం ఇంకొకరిది.

ఇప్పుడు నాని గారి ప్రశ్న, తగ్గుతుందా? మా దగ్గరికి ముఖం వంకరపోయినవాళ్ళు రోజూ వస్తారు, బెల్స్ పాల్సీ. "కరెంటు పెట్టించుకుంటే సెట్టవుద్దంట గదమ్మా" అని వస్తారు. నేను మొదట అడిగేది, డాక్టర్ని కలిసి స్టెరాయిడ్ మొదలుపెట్టారా అని. మొదటి 72 గంటల్లో అది పడటం ముఖ్యం. చాలామందికి దానంతటదే కూడా వెనక్కొస్తుంది. కరెంటు పెట్టడం వల్లే ఎక్కువ తగ్గిందనడానికి గట్టి రుజువు లేదు, నా రొట్టెలో నేనే మన్ను పోసుకుంటున్నా గానీ నిజం అది.

రిటైర్డ్_ఏఈ:
భేష్ తల్లీ. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అదే ఒప్పుకున్నాడు. గాలిపటం కథ అందరికీ తెలుసు, పక్షవాతం కథ ఎవరికీ తెలీదు. ఫిలడెల్ఫియాలో ఆయన దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పక్షవాతం రోగులు వస్తే పెద్ద జాడీలతో షాకులిచ్చాడు. 1757లో ఒక డాక్టరుకి ఉత్తరం రాస్తూ, మొదట్లో కొంచెం వేడి, కొంచెం కదలిక వచ్చాయి, అయిదో రోజు దాకా బాగున్నట్టే ఉంది, ఆ తర్వాత మెరుగులేక వాళ్ళే నిరాశపడి వెళ్ళిపోయారు, శాశ్వతంగా మేలు జరిగింది నేనెక్కడా చూడలేదు అన్నాడు. పైగా ఆ కాస్త మెరుగు కూడా, రోజూ మా ఇంటిదాకా వచ్చి వెళ్ళడం వల్లో, నయమవుతుందన్న ఆశ వల్లో అయ్యుండొచ్చని రాశాడు. మనిషంటే అలా ఉండాలి. తన పేరు మీద ఊరూరా మెషిన్లు అమ్ముకోగలిగి ఉండీ అలా రాశాడు.

హన్మకొండ_పోరడు:
ఏఈ సార్ రోజు నడిచి వచ్చుడే మందు అన్నట్టు. మా నాయినకు డాక్టర్ గూడ గదే చెప్పిండు, ఐదొందలు తీస్కుని.

పార్లర్_పద్మ:
హాయ్ అండి, నేను హైదరాబాద్‌లో పార్లర్ నడుపుతాను. మా దగ్గర ఫేషియల్ అయ్యాక మొటిమలకి ఒక గాజు గొట్టం పెడతాం, హై ఫ్రీక్వెన్సీ అంటాం, ఊదారంగులో వెలుగుతుంది, చర్మానికి ఆనిస్తే చిటపటమంటుంది, ఒకరకం వాసన వస్తుంది. ఇది కూడా మీ పాత మెషిన్ల చుట్టమేనా? కొత్త టెక్నాలజీ అని చెప్పి 6 వేలకి అమ్మారు నాకు 🙄

పాత_ఇత్తడి:
పద్మ గారూ మీకు మా ముత్తాతల కాలం సరుకు అమ్మారు. దాని అసలు పేరు వైలెట్ రే. 1890ల్లో ఫ్రాన్స్‌లో దార్సోన్వాల్ అనే ఆయన హై ఫ్రీక్వెన్సీ కరెంటు, అంటే చాలా వేగంగా దిక్కు మారేది, ఒంట్లోంచి పోతే షాక్ కొట్టదని చూపించాడు, ఇటు వోల్టేజీని బాగా పెంచే టెస్లా కాయిల్ వచ్చింది, రెండూ కలిపి గాలి తీసేసిన గాజు గొట్టంలోకి పంపిస్తే ఆ ఊదా వెలుగు. 1910ల నుంచి 30ల దాకా అమెరికాలో ప్రతి మధ్యతరగతి ఇంట్లో ఉండాల్సిన వస్తువన్నట్టు అమ్మారు. పెట్టె నిండా రకరకాల గొట్టాలు, జుట్టుకి దువ్వెన ఆకారంది, గొంతుకి ఒకటి, ముక్కులోకి ఒకటి, ఇంకా ఎక్కడెక్కడికో, ఆడవాళ్ళున్నారు చెప్పను. బట్టతల, కీళ్ళవాతం, మలబద్ధకం, చెవుడు, అన్నిటికీ అదే. ఆ వాసన ఓజోన్. మొటిమల మీద సూక్ష్మక్రిములకి కాస్త పనిచేస్తుందేమో గానీ, అతినీలలోహిత కిరణం అనుకోవద్దు, పేరులో మాత్రమే వైలెట్. 1903లో ఫిన్సెన్ అనే డాక్టరుకి కాంతి చికిత్సకి నోబెల్ వచ్చింది, ఆ గొప్పలో దీనికీ కొంచెం వాటా దొరికింది. నారింజ రంగులో వెలిగేది ఉంటే దాంట్లో నియాన్, ఊదాది ఆర్గాన్, అంతే తేడా.

పార్లర్_పద్మ:
అయ్యో నారింజది సీనియర్ సిటిజన్స్‌కి అని చెప్పి ఇంకో 2 వేలు తీసుకున్నాడు!!

రిటైర్డ్_ఏఈ:
అమ్మా, కొత్త మెషిన్ ఎలాగూ కొన్నావు. కానీ ఎవరైనా ఆ పాత వైలెట్ రే పెట్టె దొరికితే మాత్రం ప్లగ్గులో పెట్టకండి. గుడ్డ చుట్టిన తీగలు 90 ఏళ్ళకి పొడైపోయి ఉంటాయి, అమెరికా 110 వోల్టులది ఇక్కడ 230లో పెడితే ఇంటికి అగ్గే. మావయ్యది చేత్తో తిప్పేది కాబట్టి సరిపోయింది.

మిన్నెసోటా_మావయ్య:
వామ్మో ఒక్క రోజు చూడకపోతే ఇంత చర్చా. ఏఈ గారూ, మీరన్నారని అమ్మకి పెట్టలేదు. మర తిప్పి చూశా, పాత_ఇత్తడి గారు చెప్పినట్టే ఇనప కమ్మీ జరుగుతోంది, షాక్ పిల్లిలా అయిపోయింది. మల్టీమీటర్ పెడితే అంకెలు పిచ్చిగా ఎగురుతున్నాయి, అర్థం కాక గొట్టాల మధ్య చిన్న నియాన్ బల్బు పెట్టా, చిన్నాడు గట్టిగా తిప్పితే మినుకుమినుకుమంది.

రిటైర్డ్_ఏఈ:
నియాన్ వెలిగిందంటే 60, 70 వోల్టులు దాటినట్టే. తిరిగేటప్పుడు కాంటాక్టు తెగి కలుస్తూ ఉంటుంది, తెగినప్పుడల్లా కాయిల్ ఎగదన్నుతుంది, నీకు జివ్వుమన్నది అదే. చిన్నాడికి నా ఆశీస్సులు, వాణ్ణి ఎలక్ట్రికల్‌లో చేర్చు, కంప్యూటర్లలో కాదు.

లండన్_చలి:
ఒంటికి కట్టుకునే కరెంటు బెల్టుల గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నాకు అన్నిటికన్నా ఆ కథే ఇష్టం. పుల్వర్మాకర్ గొలుసు అని ఉండేది, 1850 ప్రాంతం, చిన్న చెక్కముక్కలకి రాగితీగ జింకుతీగ చుట్టి గొలుసుగా కడతారు, వెనిగర్‌లో ముంచి ఒంటికి కట్టుకుంటే అదే బ్యాటరీ. నిజంగానే కరెంటొస్తుంది, చర్మం చురుక్కుమంటుంది. మా చార్లెస్ డికెన్స్ కాలి నొప్పికి 1870 జూన్‌లో ఒకటి తెప్పించమని ఉత్తరం రాశాడు, వారం తిరక్కుండానే పోయాడు పాపం, పక్షవాతంతో.

పాత_ఇత్తడి:
అమెరికాలోనైతే పోస్టులో సామాన్లు అమ్మే సియర్స్ కంపెనీ కేటలాగులోనే బెల్టులు అమ్మారు. 1902 కేటలాగులో హైడెల్బర్గ్ బెల్టు అని, 18 డాలర్లు, మగవాళ్ళ బలహీనతకి. ముందు భాగంలో ఒక సంచీలాంటిది వేలాడుతుంది, ఎందుకో మీరే ఊహించుకోండి. బలం ఖర్చైపోయింది, బ్యాటరీ నింపాలి అన్నది అప్పటి డాక్టర్ల మాటే, 1869లో న్యూయార్క్‌లో బియర్డ్ అనే ఆయన న్యూరస్తీనియా అని పేరు పెట్టాడు, అంటే నరాలు డిశ్చార్జి అయిపోవడం. ఆ పోలికే బెల్టులోళ్ళకి అన్నం పెట్టింది.

గుంటూరు_ఘాటు:
మగవాళ్ళ బలహీనత అనగానే కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా రైలు పట్టాల పక్క గోడలన్నీ కళ్ళముందు తిరిగాయి. డాక్టరు పేరు మారింది, రోగి భయం మాత్రం అదే.

వార్డు_డ్యూటీ:
సైకియాట్రీ పీజీని. ఇంత సేపు ఎవరూ అనలేదు గానీ, ఇలాంటి చర్చల్లో చివరికి ఎవరో ఒకరు "పిచ్చాసుపత్రి షాకు" అంటారు, అందుకే ముందే చెప్తున్నా. ఈసీటీ, అంటే మానసిక రోగులకి మెదడుకి కరెంటిచ్చే చికిత్స, వేరే కథ. 1938 ఏప్రిల్‌లో రోమ్‌లో చెర్లెట్టి, బీని మొదలుపెట్టారు. అక్కడ కరెంటు పని కండరాల్ని లేపడం కాదు, మెదడులో కొన్ని సెకన్ల ఫిట్స్ తెప్పించడం, మేలు చేసేది ఆ ఫిట్సే. మొదట్లో మత్తు లేకుండా ఇచ్చేవాళ్ళు, ఎముకలు విరిగేవి, ఆ చెడ్డపేరు అన్యాయంగా వచ్చింది కాదు. ఇప్పుడు మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చాకే ఇస్తాం, మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అవి లేకుండా ఇవ్వడం నేరం. తిండి మానేసి చావు కోసం ఎదురుచూస్తున్న మనిషి నాలుగో సారికి లేచి కాఫీ అడగడం నా కళ్ళారా చూశాను. సినిమాల్లో చూపించేది మాత్రం మీరు మర్చిపోండి ప్లీజ్.

నల్లకుంట_నాని:
చూశారా, కరెంటుతో నయం కావడం నిజమేగా.

వార్డు_డ్యూటీ:
నిజమే నాని గారూ, ఏ జబ్బుకి, ఎంత, ఎవరికి అన్నది తేల్చాకే. ఆ తేల్చే పనికి దశాబ్దాలు పట్టింది.

ఫిజియో_అక్క:
నాని గారికి ఇంకో మంచి ఉదాహరణ ఇస్తా, ఈసారి ఆయన పక్షానే. ఎలక్ట్రీట్ అని ఒక మెషిన్, టార్చిలైటులా ఉంటుంది, చివర చిన్న చక్రం, దాంతో ఒంటి మీద దొర్లిస్తారు. ఇల్లినాయ్‌లో కెంట్ అనే ఆయన 1919లో పేటెంట్ తీసుకుని అమ్మాడు, రెండున్నర లక్షల దాకా అమ్మాడంటారు. మామూలే, అన్ని జబ్బులూ పోతాయని ప్రచారం. 1938లో అమెరికాలో మందుల మీద కొత్త చట్టం వచ్చాక కేసు పెట్టి, నొప్పి తగ్గుతుంది తప్ప ఇంకేమీ రాయకూడదన్నారు. తమాషా ఏంటంటే ఆ మిగిలిన ఒక్క మాటే నిజం! 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు గేటు సిద్ధాంతం రాశారు. వెన్నులో ఒక గేటులాంటిది ఉంటుంది, స్పర్శ మోసే లావు నరాల్ని గిలిగింత పెడితే నొప్పి మోసే సన్న నరాలకి గేటు కొంత మూసుకుంటుంది. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకుంటాం చూడండి, అదే. దాని మీదే ఇప్పటి టెన్స్ మెషిన్, చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటిచ్చేది, వచ్చింది, మా దగ్గర నడుం నొప్పులోళ్ళకి పెట్టేది అదే. పెట్టినంతసేపు, తర్వాత కాసేపు హాయిగా ఉంటుంది. కీళ్ళ అరుగుదల మాత్రం వెనక్కి పోదు. మావయ్య గారూ, అమ్మగారి మోకాళ్ళకి తొడ కండరాల వ్యాయామం చేయించండి, ఫలితం దాంట్లో ఎక్కువ. మరీ కరెంటే కావాలంటే కొత్త టెన్స్ కొనండి, 1854ది వద్దు.

హన్మకొండ_పోరడు:
అక్కా మస్తు చెప్పినవ్. పోస్టు సేవ్ జేస్కున్న.

మిన్నెసోటా_మావయ్య:
ఆదివారం మా ఊళ్ళోనే బాకెన్ మ్యూజియం అని ఉందని తెలిసి అందరం వెళ్ళాం, చెరువు ఒడ్డున పాత బంగళా. ఇన్నేళ్ళుగా ఆ రోడ్డు మీదే తిరుగుతున్నా ఎప్పుడూ లోపలికి పోలేదు. పెట్టింది ఎర్ల్ బాకెన్ అనే ఇంజినీరు, మెడ్‌ట్రానిక్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. ఆయన కథ చదివి అక్కడే నిలబడిపోయా. 1957 అక్టోబర్ ఆఖర్న ఇక్కడ పెద్ద కరెంటు కోత, అప్పట్లో పేస్‌మేకర్లు గోడ ప్లగ్గుకి పెట్టి నడిపే పెద్ద పెట్టెలు, గుండె ఆపరేషన్ అయిన ఒక పసిబిడ్డ పోయింది. యూనివర్సిటీ సర్జన్ లిల్లెహై ఈయన్ని పిలిచి ఏదైనా చెయ్యమన్నాడు. మెట్రోనోమ్ సర్క్యూట్ ఒకటి పత్రికలో చూసి ఉన్నాడట, సంగీతానికి తాళం వేసేది, దాన్నే మార్చి నాలుగు వారాల్లో చేతిలో పట్టేంత బ్యాటరీ పేస్‌మేకర్ చేసేశాడు. మన దగ్గర కరెంటు పోతే డిపార్ట్‌మెంటుని తిట్టుకుని విసనకర్ర తీస్తాం, క్షమించండి ఏఈ గారూ.

అలాంటి మనిషే తర్వాత ఈ పాత షాక్ డబ్బాలూ బెల్టులూ అన్నీ ఏరి మ్యూజియం పెట్టాడు.

ఇంటికొచ్చాక అమ్మ నేనూ పట్టుకుంటా ఒక్కసారి అని ఒకటే గోల. గుండె బాగానే ఉంది, మొన్ననే చూపించాం, అయినా మర పూర్తిగా తగ్గించి, రెండు గొట్టాలూ ఒకే చేతికి ఆనించి చిన్నాడితో మెల్లగా తిప్పించా. "ఇంతేనా? దీనికంటే మా వీధి దోమల బ్యాటు నయంరా" అనేసింది.

రిటైర్డ్_ఏఈ:
ఒకే చేతికి పెట్టావు, శభాష్. కోత గురించి అన్నది విన్లేదనుకుంటాను.

పాత_ఇత్తడి:
మావయ్యా, ఎప్పటికైనా అమ్మదల్చుకుంటే నాకు ముందు చెప్పండి. లేబుల్ చెక్కుచెదరకుండా ఉంది, ఇత్తడి కూడా తోమకుండా ఉంటే మీ 60కి మూడు రెట్లు నేనే ఇస్తా. గొట్టాల ఫోటో దగ్గర్నుంచి ఒకటి పెడతారా?

మిన్నెసోటా_మావయ్య:
అదే చెప్దామని వచ్చా అన్నా. నేను ఆఫీసుకెళ్ళి వచ్చేలోపు అమ్మ, ఇంత మసి పట్టిన గొట్టాలు మనవడు పట్టుకుంటున్నాడని చింతపండూ ఉప్పూ వేసి తోమేసింది. దీపపు కుందుల్లా తళతళలాడుతున్నాయి. ఫోటో పెట్టమంటారా?

పాత_ఇత్తడి:
వద్దు.

చింతపండు పులుసు తీగల గుడ్డకి తగిలిందా? తగిలుంటే తడిబట్టతో ఒత్తి తీసి ఫ్యాన్ గాలికి పెట్టండి, లేకపోతే రాగి పచ్చబడుతుంది. లేబుల్ మీద మాత్రం ఆవిడ చెయ్యి పడనివ్వకండి.